బాడీ థెరపీనా, మాటల థెరపీనా? రెండూ చేయించుకున్నోడిగా నా జవాబు

మీ ప్రశ్న రెండు సార్లు చదివానండి. చిన్నప్పుడు నాన్న తాగొచ్చి కొట్టేవాడని, ఇప్పటికీ ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే ఒళ్ళంతా బిగుసుకుపోతుందని, ఎనిమిది నెలలుగా కౌన్సెలింగ్‌కి వెళ్తున్నా "మాట్లాడి వస్తున్నా, అంతే" అన్నట్టుందని రాశారు. ఈలోపు మీ ఫ్రెండేమో ట్రామా, అంటే పాత భయం మిగిల్చిన గాయం, అంతా ఒంట్లో ఉంటుంది, మాటలతో పోదు, సొమాటిక్ థెరపీకి, అదే ఒంటితో మొదలెట్టే బాడీ థెరపీకి రా అంటోంది. రెండింట్లో ఏది పనిచేస్తుంది అని మీ ప్రశ్న.

నేను డాక్టర్ని కాదు, సాఫ్ట్‌వేర్ వాణ్ణి. కాకపోతే ఈ రెండింటికీ డబ్బులు కట్టి, మూడేళ్ళు తిరిగి, ఏది ఎక్కడ పనికొచ్చిందో ఎక్కడ రాలేదో కొంచెం తెలుసుకున్నా. ఇంకోటి కూడా ముందే చెప్పాలి, నాది ఒక్క రాత్రి జరిగింది, మీది ఏళ్ళ తరబడి సొంత ఇంట్లో జరిగింది, కాబట్టి నాకు పనిచేసింది యథాతథంగా మీకు అతుకుతుందని అనుకోవద్దు.

2017 జనవరి 12, భోగికి ముందు రోజు రాత్రి. హైదరాబాద్ నుంచి నందిగామ దగ్గర మా ఊరికి కార్లో వెళ్తున్నాం, నేనూ మా బాబాయీ. మా ఆవిడా పిల్లాడూ ముందే ట్రైన్లో వెళ్ళిపోయారు. సూర్యాపేట దాటి మునగాల దగ్గరికొచ్చేసరికి రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీని గుద్దేశా. డ్రైవింగ్ నాదే. ఎడమ పక్కంతా నుజ్జయింది. అంబులెన్స్ వచ్చేలోపు బాబాయ్ నా పక్కనే ఉన్నాడు, కాసేపు మాట్లాడాడు కూడా. హాస్పిటల్‌కి చేరేలోపే పోయాడు. నాకు కుడి కాలు విరిగింది, రాడ్డేశారు, నాలుగు నెలల్లో నడిచా.

కాలు అతుక్కుంది గానీ మిగతావి అతుక్కోలా. ఆ రాత్రి కారు నుజ్జయిపోయినా హజార్డ్ లైట్ మాత్రం టిక్ టిక్ మని కొట్టుకుంటూనే ఉంది, చాలాసేపు. దాని తర్వాత ఎక్కడ ఆటో ఇండికేటర్ వేసినా, ఆఖరికి మా వంటింట్లో గోడ గడియారం చప్పుడుకి కూడా గుండె దడ, చేతులు చల్లబడిపోవడం, వెనకనుంచి పిల్లాడు వచ్చి పట్టుకుంటే ఉలిక్కిపడి వాణ్ణి తోసేయడం. గుండెల్లో బరువుగా ఉంటోందని మన వాళ్ళందరూ చేసేదే నేనూ చేశా, ఈసీజీ, టూడీ ఎకో, టీఎంటీ, అన్నీ నార్మల్, చివరికి "గ్యాస్ అండీ" అని పొద్దున్నే పరగడుపున వేసుకునే బిళ్ళ రాశారు. ఇంకొకాయన నిద్రకి బిళ్ళలు రాశాడు, అవి ఏడు నెలలు మింగా, అలాంటివి పీటీఎస్‌డీకి, అంటే ఘోరమైనదేదైనా జరిగాక వదలకుండా పట్టుకునే ఈ భయం జబ్బుకి, మంచివి కావని చాలా తర్వాత తెలిసింది. మా అమ్మయితే "పిల్లాడు జడుసుకున్నాడు" అని తాయెత్తు కట్టించి, ఎర్ర నీళ్ళు దిష్టి తీసింది. ఇప్పుడు ఆలోచిస్తే మా ఇంట్లో జబ్బు కరెక్టుగా కనిపెట్టింది అమ్మ ఒక్కతే. జడుపు అనే మాటలో అంతా ఉంది కదా. మనం అసలు భయాన్ని ఎప్పుడూ ఒంటితోనే చెప్తాం, కాళ్ళూ చేతులూ ఆడలేదంటాం, ఒళ్ళు ఝల్లుమందంటాం, పై ప్రాణాలు పైనే పోయాయంటాం. భయం ఒంట్లో ఉంటుందని మనకెవరో విదేశాల నుంచి వచ్చి చెప్పక్కర్లేదు.

ఇక మాటల సంగతి. యాక్సిడెంట్ అయిన నెలలో పరామర్శకి వచ్చిన ప్రతి మనిషీ అడిగాడు, "అసలెలా జరిగింది?" అని. రెండొందల సార్లు చెప్పుంటా. మంచమ్మీద పడుకుని, కాలికి కట్టుతో, టీవీ వార్తలు చదివినట్టు చెప్పేవాణ్ణి, లారీ ఇక్కడుంది, నేను ఎనభైలో ఉన్నా, బ్రేక్ కొట్టా, 108కి ఫోన్ చేశారు, ఇంత టైముకి వచ్చింది. అంతే. చివర్లో "పోయాడు" అని ఒక మాట. మధ్యలో ఒక ముక్క మాత్రం ఎవ్వరికీ చెప్పలా, మా ఆవిడక్కూడా. బాబాయ్ నన్ను నీళ్ళు అడిగాడు, నేను ఇవ్వలేదు.

2017 చివర్లో ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళా. మంచావిడ, ఓపిగ్గా వినేది. ఐదు నెలలు వారం వారం వెళ్ళి ఆ వార్తలే మళ్ళీ చదివా, తర్వాత ఆఫీసు గొడవలు చెప్పా, అత్తగారి గొడవలు చెప్పా. ఆవిడ "మీ తప్పేం లేదండీ" అనేది, నేను "అవునండీ" అని మెట్లు దిగి వచ్చేవాణ్ణి. నా తప్పని నేను అనుకుంటున్నదేంటో ఆవిడకి తెలిస్తే కదా, నేను చెప్తే కదా. ఆవిడా తవ్వి అడగలేదు, నన్ను బాధపెట్టకూడదని కాబోలు. మీరు రాసిన "మాట్లాడి వస్తున్నా, అంతే" అన్న ముక్క చదివితే నాకు ఆ మెట్లే గుర్తొచ్చాయి.

అప్పుడు, 2018లో, మీ ఫ్రెండ్ లాంటి ఫ్రెండే నాకూ దొరికాడు. రెండు రోజుల వర్క్‌షాప్‌కి లాక్కెళ్ళాడు, అక్కడ చెప్పిందేంటంటే లేడిని పులి తరుముతుంది, తప్పించుకున్న లేడి కాసేపు గజగజ వణికి ఆ శక్తినంతా వదిలేసి మళ్ళీ గడ్డి మేస్తుంది, మనిషి మాత్రం వణకడానికి సిగ్గుపడి లోపల దాచుకుంటాడు, అదే ట్రామా అని. సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ అనే బాడీ థెరపీ పద్ధతి పెట్టిన పీటర్ లెవీన్ అనే అమెరికన్ ఆలోచన ఇది. నిజం చెప్పాలంటే మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆ పద్ధతిలో ట్రైనింగైన ఒకావిడ దగ్గర విడిగా పద్నాలుగు సెషన్లు చేశా. ఆవిడ కథ అడగదు. కుర్చీలో కూర్చోబెట్టి "పాదాల కింద నేల తెలుస్తోందా, ఎక్కడ బిగుతుగా ఉంది, ఎక్కడ హాయిగా ఉంది" అంటుంది. ఆ బిగుతు వైపు కొంచెం వెళ్ళమంటుంది, వెంటనే హాయిగా ఉన్న చోటికి తిరిగి రమ్మంటుంది, మళ్ళీ వెళ్ళమంటుంది. మూడో సారో నాలుగో సారో నా కుడి తొడ దానంతటదే వణకడం మొదలెట్టింది, బ్రేక్ మీద కాలేసి తొక్కిన తొడ అది, ఆపుదామన్నా ఆగలా, ఓ పది నిమిషాలు వణికి ఆగింది. ఆ రాత్రి ఏడాదిన్నర తర్వాత మొదటిసారి బిళ్ళ లేకుండా ఆరు గంటలు నిద్రపోయా.

అది చిన్న విషయం కాదు, ఎవరైనా అదంతా బోగస్ అంటే నేను ఒప్పుకోను. ఆ ఏడాది చివరికి దవడ బిగపట్టడం పోయింది, పిల్లాడు వెనకనుంచి వచ్చి పట్టుకున్నా తోసేయడం మానేశా, అదొక్కటి చాలు ఆ డబ్బులకి.

కానీ ఆ యాక్సిడెంట్ కల రావడం పోలేదు. కారు ముట్టుకోలేదు, ఆఫీసుకి మెట్రోలోనే. పిన్ని ఫోన్ చేస్తే మా ఆవిడకిచ్చేవాణ్ణి. సంక్రాంతి వస్తోందంటే డిసెంబర్ నుంచే కడుపులో దేవేది. అప్పుడు మెల్లగా అర్థమైంది, నేను ఆ పాదాల కింద నేల టెక్నిక్‌ని దేనికి వాడుతున్నానో. బాబాయ్ గొంతు గుర్తొచ్చిన ప్రతిసారీ గబుక్కున పాదాల మీదకి పారిపోతున్నా. ఊపిరి, పాదాలు, గదిలో ఐదు వస్తువులు లెక్కపెట్టడం, ఇవన్నీ నాకు ఎక్కడికెళ్ళినా జేబులో పెట్టుకెళ్ళే దొడ్డిదారి అయిపోయాయి. నేర్పినావిడ తప్పు కాదు, ఆవిడ అలా వాడమని చెప్పలేదు కూడా. నేనే అలా వాడుకున్నా. వార్తలు చదివినప్పుడు నోటితో తప్పించుకున్నా, ఇప్పుడు ఒంటితో తప్పించుకుంటున్నా, అంతే తేడా.

2019లో ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళా, ఆయన చేసింది ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అని. పెన్సిల్వేనియా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎడ్నా ఫోవా తయారు చేసిన పద్ధతి, మామూలుగా ఎనిమిది నుంచి పదిహేను సెషన్లు. దీన్ని టాక్ థెరపీ లిస్టులోనే వేస్తారు గానీ నాకు జీవితంలో ఒంటికి అంత పని ఎప్పుడూ పడలేదు. కళ్ళు మూసుకుని, ఆ రాత్రిని ఇప్పుడు జరుగుతున్నట్టు, "లారీ కనిపిస్తోంది, బ్రేక్ తొక్కుతున్నా" అని వర్తమానంలో చెప్పాలి, ఏం వాసన వస్తోంది, చేతులెక్కడున్నాయి అన్నీ. అయిపోగానే మళ్ళీ మొదట్నుంచి. ఒకే కూర్చోవడంలో మూడు నాలుగు సార్లు. ఫోన్లో రికార్డ్ చేసుకుని ఇంటికెళ్ళి రోజూ వినాలి. మధ్యమధ్యలో సున్నా నుంచి వందలో బాధ ఎంతుందో అంకె చెప్పాలి. మొదటి రోజు నీళ్ళ దగ్గరికి రాగానే ఎప్పట్లాగే దాటేశా, ఆయన పట్టేశాడు, "ఇక్కడేదో స్పీడ్ పెంచారు మీరు" అన్నాడు. రెండొందల మందిలో ఒక్కడూ పట్టుకోలేదు ఆ స్పీడ్.

మరుసటి వారం చెప్పా. "బాబాయ్ నీళ్ళు అడుగుతున్నాడు, నేను ఇవ్వట్లేదు" అన్నా, అంకె వంద. మన ఇళ్ళల్లో పోయేవాళ్ళ నోట్లో తులసి తీర్థం పోయకపోవడం అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. ఆయన ఓదార్చలేదు. "నీళ్ళెక్కడున్నాయి?" అన్నాడు. వెనక సీట్లో. "మీ కాలెక్కడుంది?" స్టీరింగ్ కింద ఇరుక్కుని. "చెయ్యి చాపుతున్నారా?" అంటే, అవును, చాపుతున్నా. అందట్లేదు. అది నేను మర్చిపోయిన విషయం కాదు, రాడ్డేసిన కాలు నాదే కదా, కానీ ఆ రెండు నిజాలూ రెండున్నరేళ్ళు ఒకదాన్నొకటి ముట్టుకోలేదు. నాలుగైదు సార్లు తిరిగి చెప్పాక ఆయన ఒక మాటన్నాడు, "మీరు మొదట్నుంచీ 'ఇవ్వలేదు' అంటున్నారు. 'ఇవ్వలేకపోయా' అని ఒక్కసారి కూడా అనలేదు." అంతే, కుర్చీలో కూలబడి ఏడ్చా, యాక్సిడెంట్ తర్వాత అలా ఏడవడం అదే మొదటిసారి.

ఆ ఒక్క మాట తేడా ఏ తొడ వణికినా బయటికి రాదండి. అది మాటల్లో కట్టుకున్న ముడి, మాటల్లోనే విప్పాలి. అదే సమయంలో, గడియారం చప్పుడుకి చేతులు చల్లబడటం ఉంది చూడండి, దాన్ని "అది గడియారం, కారు కాదు" అని వెయ్యిసార్లు చెప్పినా వినదు, దానికి మాటలు రావు. దానికి ఆయన లిస్టు రాయించాడు. ఆగి ఉన్న కార్లో హజార్డ్ లైట్ వేసుకుని అరగంట కూర్చోవడం, తర్వాత కాలనీలో నడపడం, తర్వాత రింగ్ రోడ్డు, తర్వాత పగటిపూట సూర్యాపేట దాకా, తర్వాత మునగాల దగ్గర దిగి నిలబడటం. ఒక్కోటీ భయం తగ్గేదాకా చేసి మరీ పై మెట్టెక్కాలి. లిస్టులో అన్నిటికన్నా పైన, వందలో వంద వేసుకున్నది రోడ్డు కాదు, పిన్నికి నీళ్ళ సంగతి చెప్పడం. చెప్పా. పిన్ని చాలాసేపు ఊరుకుని, "నా గురించేమైనా అడిగాడా?" అంది. ఆవిడ కూడా రెండున్నరేళ్ళు అది అడగలేక ఊరుకుందన్నమాట. "లేదు పిన్నీ, నీళ్ళే అడిగాడు" అన్నా. ఇద్దరం ఏడ్చాం, ఆ రోజు అన్నాలు తినేసరికి మూడయింది.

సరే నా కథ పక్కన పెట్టి, చదివి తెలుసుకున్నది కొంచెం చెప్తా, ఎందుకంటే మీ ఫ్రెండ్ "సైన్స్ ప్రూవ్ చేసింది" అందని రాశారు. కొంత నిజమే. ట్రామా మీద పనిచేసే సైకియాట్రిస్ట్ బెసెల్ వాన్ డెర్ కోక్ టీమ్ 2014లో అచ్చువేసిన స్టడీ ఒకటుంది, ఎన్నేళ్ళ వైద్యానికీ లొంగని పీటీఎస్‌డీ ఉన్న 64 మంది ఆడవాళ్ళు, సగం మందికి పది వారాలు వారానికో గంట యోగా, మిగతా సగానికి ఆరోగ్యం గురించి క్లాసులు. చివరికి యోగా చేసినవాళ్ళలో 52 శాతం, క్లాసులకి వెళ్ళినవాళ్ళలో 21 శాతం పీటీఎస్‌డీ లెక్కలోంచి బయటపడ్డారు. గొప్ప సంగతే, అయితే ఆ యోగా జరుగుతున్న వైద్యానికి తోడుగా ఇచ్చింది, దాని బదులు ఇచ్చింది కాదు, ఆ ముక్క రీల్స్‌లో ఎవ్వరూ చెప్పరు. సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ మీద 2017లో ఇజ్రాయెల్ నుంచి వచ్చిన స్టడీలో 63 మంది, పదిహేను సెషన్లు, బాగానే తగ్గింది, కానీ పోల్చింది ఆ థెరపీ కోసం వెయిటింగ్ లిస్టులో కూర్చున్నవాళ్ళతో, మాటల థెరపీతో కాదు. అటు మాటల వైపు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన సలహాల్లో పీటీఎస్‌డీకి పేరుపెట్టి చెప్పినవాటిలో ట్రామా మీదే దృష్టిపెట్టే సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల థెరపీ), ఇంకా ఈఎండీఆర్ ఉన్నాయి. ఊరికే కూర్చుని కబుర్లు చెప్పుకునే కౌన్సెలింగ్ కాదు. ఈఎండీఆర్ తమాషా ఏంటంటే అది రెండు గట్ల మీదా కాళ్ళేసింది, జ్ఞాపకాన్ని మనసులో పెట్టుకుని కళ్ళు అటూ ఇటూ తిప్పుతారు, ఆ కళ్ళు తిప్పడం వల్ల తగ్గుతోందా, జ్ఞాపకాన్ని ఎదుర్కోవడం వల్ల తగ్గుతోందా అని దాన్ని 1980ల చివర్లో ఫ్రాన్సీన్ షాపిరో మొదలెట్టినప్పట్నుంచీ కొట్టుకుంటూనే ఉన్నారు.

తుంటి కండరాల్లో ట్రామా దాక్కుంటుంది, ఈ ఆసనం వేస్తే కరిగిపోతుంది అనే రీల్స్ మాత్రం దయచేసి నమ్మొద్దు. కండరంలో జ్ఞాపకాలుండవు. ప్రమాదం వచ్చిందని మెదడు గంట కొడితే కండరం బిగుసుకుంటుంది, రోజూ కొడుతుంటే రోజూ బిగుసుకునే ఉంటుంది. కండరాన్ని వదులు చేస్తే గంట కాసేపు తగ్గుతుంది, అది నిజం, ఉపయోగం కూడా.

ఇక మీ విషయానికి. కౌన్సెలర్ని మార్చే ముందు ఒకటి చూసుకోండి, ఈ ఎనిమిది నెలల్లో తలుపు చప్పుడుతో మొదలయ్యే ఏదో ఒక్క రాత్రిని, ఏ ఒక్కదాన్నైనా, మొదట్నుంచి చివరిదాకా స్పీడ్ పెంచకుండా అక్కడ చెప్పారా? చెప్పకపోతే మీకు మాటల థెరపీ పనిచెయ్యలేదని కాదు, ఇంకా మొదలే కాలేదని. మీ కౌన్సెలర్‌నే అడగండి, మీరు ట్రామాకి ఏ పద్ధతి చేస్తారు, పేరేంటి, ఎన్ని సెషన్లు, తగ్గుతోందని ఎలా కొలుస్తారు అని. "మీరు మాట్లాడుతూ ఉండండి, అదే తగ్గుతుంది" అన్నది జవాబైతే అప్పుడు మారండి.

చెప్పబోతే నోరు పెగలక, మైండ్ బ్లాంకైపోయి, తనెక్కడుందో తనకే తెలియనట్టు అయిపోయే వాళ్ళుంటారు, చిన్నప్పట్నుంచీ దెబ్బలు తిన్నవాళ్ళలో ఇది ఎక్కువ. మీకలా అవుతుంటే ఒంటి వైపు నుంచి మొదలెట్టడం తెలివైన పనే అనుకుంటా. ముందు అలా కుదుటపడాలా, నేరుగా జ్ఞాపకంలోకి దిగినా పర్లేదా అన్నదాని మీద నిపుణుల్లోనే రెండు వర్గాలున్నాయి. నా మటుక్కి నాకు ఆ పద్నాలుగు సెషన్లు లేకపోతే ఆ సైకాలజిస్ట్ ముందు కుర్చీలో పది నిమిషాలు కూర్చోగలిగేవాణ్ణి కాదు. మామూలు యోగా క్లాసులో చేరితే మాత్రం టీచర్‌కి ముందే చెప్పండి, నన్ను ముట్టుకుని సరిచెయ్యొద్దు, కళ్ళు తెరుచుకునే చేస్తా అని. నాకు ఒకసారి శవాసనంలో కళ్ళు మూసుకుని ఉండగా యోగా టీచరొచ్చి భుజాలు నొక్కాడు, లేచి చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదకొచ్చేశా. ఊపిరి మీద ధ్యాస పెట్టమంటే కొందరికి నెమ్మదిస్తుంది, కొందరికి ఇంకా దడ పెరుగుతుంది, పెరిగితే మీలో లోపమేం లేదు, ఆపేసి కాళ్ళూ చేతులూ కదిపే పనేదైనా చెయ్యండి. ఇక "మీరు మర్చిపోయిన జ్ఞాపకాల్ని ఒంట్లోంచి బయటికి తీస్తాం" అనేవాళ్ళు కనిపిస్తే వెనక్కి చూడకుండా వచ్చెయ్యండి.

హీలర్, ట్రామా కోచ్ అని మన దేశంలో ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే మాత్రం రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరై ఉండాలి, ఆ నంబర్ అడగడానికి మొహమాటపడొద్దు, నేను అడిగితే ఆయన నవ్వి గోడ మీద సర్టిఫికెట్ చూపించాడు.

ఫీజులు అడిగారు కదా. నాకు సొమాటిక్ సెషన్‌కి 2,500, వర్క్‌షాప్‌కి విడిగా 9,000. సైకాలజిస్ట్ సెషన్‌కి 1,500, మొత్తం పదమూడు, ఇవి అప్పటి రేట్లు. అంత పెట్టలేకపోతే ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది, వైజాగ్ వాళ్ళకి చినవాల్తేరులో ఉంది, పిచ్చాసుపత్రి అని మన వాళ్ళు మొహం చిట్లిస్తారు గానీ క్లినికల్ సైకాలజీ విభాగాలుంటాయి, కాకపోతే రద్దీ, పొద్దున్నే వెళ్ళాలి. రాత్రి పూట మరీ తట్టుకోలేనట్టుంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబర్ 14416, ఫ్రీ, ఇరవై నాలుగ్గంటలూ, తెలుగులోనే మాట్లాడతారు. ఇంతకీ మీరు ఏ ఊర్లో ఉంటారో రాయలేదు, అది చెప్తే నాకు తెలిసినంతలో ఎక్కడ అడగాలో చెప్తా.